చెవిలో గుండె చప్పుడు

ఆంగ్లంలో ‘బినైన్’ అనే విశేషణం చాలా పాతది. చాసర్ తన కథలలోని ఒక పేద గ్రామ పురోహితుని సుగుణాలను వర్ణిస్తూ ఈ మాటనే వాడాడు. దయాళువు, సాధువు, ఎవరికీ కీడు తలపెట్టనివాడు అని దాని భావం. విశ్వవిద్యాలయంలో ఆ పాఠం చదువుకున్న రోజులలో, అదే మాటను ఆసుపత్రి కాగితాల మీద ఇంత తరచుగా చూడవలసి వస్తుందని నేను ఊహించలేదు. వైద్యులు దీనిని కంతులకు వాడతారు. క్యాన్సరు కానిది, శరీరంలో మరొక చోటికి పాకనిది అయితే అది బినైన్. మన పత్రికలు ‘నిరపాయకరమైన కంతి’ అని అనువదిస్తాయి. నిఘంటువు ప్రకారం తప్పు పట్టడానికి లేదు. కాని ఆ కంతి ఎక్కడ కూర్చున్నదో ఈ మాట చెప్పదు. వీపు మీద లేచిన కొవ్వు గడ్డ నిరపాయకరమే. అంతే సాధు స్వభావం గల కంతి పుర్రె అడుగున, మెదడును ఆనుకుని, మింగడానికీ మాట్లాడడానికీ పనికివచ్చే నరాల నడుమ పెరిగితే దానిని నిరపాయకరమని పిలవడానికి నోరు రాదు.

ఢిల్లీలో చాలాకాలం పనిచేసిన తెలుగు విలేఖరులకు ఒక అనధికార ఉద్యోగం కూడా ఉంటుంది. వైద్యం కోసం ఊళ్ల నుంచి వచ్చేవారికి ఏ గేటులో ప్రవేశించాలో, ఏ వరుసలో నిలబడాలో, ప్రధానమంత్రి సహాయ నిధికి సిఫారసు ఉత్తరం ఏ పార్లమెంటు సభ్యుని ఇంటి వద్ద త్వరగా దొరుకుతుందో చెప్పడం. కొన్నేళ్ల కిందట ఆ విధంగా పశ్చిమ ప్రకాశం నుంచి ఒక అంగన్‌వాడీ టీచరు, ఆమె తమ్ముడు గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ దిగి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆమెకు యాభై దాటాయి. మూడేళ్లుగా ఎడమ చెవిలో చప్పుడు. “ఇంట్లో అందరూ నిద్దరపోయినాక ఎవరో రోట్లో దంచుతున్నట్టు ఇనబడుద్దండీ అన్నయ్యగారూ. చెయ్యి నాడి మీద పెట్టుకుంటే రెండూ ఒకటే లెక్క” అన్నది. తన రోగాన్ని ఇంత కచ్చితంగా చెప్పగల మనిషికి అప్పటివరకు రక్తపోటనీ, వయసు ప్రభావమనీ, నరాల బలహీనత అనీ మందులు ఇచ్చారు. పట్టణంలో ఒక చెవి వైద్యుడు కర్ణభేరి వెనుక ఎర్రగా కనిపించినది చూసి, ముక్క పరీక్షకు కొంచెం కోసి పంపుదామన్నాడట. ఆ రోజు కరెంటు లేక పని వాయిదా పడింది. కరెంటు కోతకు నేను మనసులో కృతజ్ఞత చెప్పుకున్న సందర్భం బహుశా అదొక్కటే. ఎందుకంటే ఆ ఎర్రదనం కంతిది. ఆ కంతి దాదాపుగా రక్తనాళాల ముద్ద. దానిని కొరికి చూడబోతే రక్తం కట్టడి కాదు.

దీని పేరు గ్లోమస్ జుగులారే. మెదడు నుంచి రక్తాన్ని కిందికి దింపే జుగులర్ సిర, చెవి వెనుక భాగాన పుర్రె అడుగున ఉన్న ఒక రంధ్రం గుండా బయటికి వస్తుంది. మింగడాన్ని, కంఠస్వరాన్ని, భుజం ఎత్తడాన్ని నడిపే మూడు నరాలు అదే రంధ్రంలో దానికి తోడుగా దిగుతాయి. నాలుకను కదిలించే నరం పక్కనే. ముఖాన్ని కదిలించే నరం మరికొంచెం పైన. ఈ ఇరుకు సందులో మినపగింజకన్నా చిన్నవైన కణ సముదాయాలు ఉన్నాయని 1941లో స్టేసీ గిల్డ్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త గుర్తించాడు. వాటి నుంచే ఈ కంతి పుడుతుంది. స్త్రీలలో ఎక్కువ. ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున, ప్రభుత్వ దస్త్రం కన్నా మెల్లగా పెరుగుతుంది. మొదట చెవిలో నాడి వినిపిస్తుంది, తరువాత చెవుడు వస్తుంది, ఆపైన గొంతు బొంగురుపోతుంది, నీళ్లు తాగితే పొరమారుతుంది. ఏటా పది లక్షల జనాభాకు సుమారు ఒకరికి వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఆ లెక్కన 140 కోట్ల దేశంలో ఏటా వెయ్యి మందికి పైగా ఉండాలి. ఏ నియోజకవర్గంలోనూ వీరు పట్టుమని పది మంది ఉండరు. కాబట్టి వీరి తరఫున ఎవరూ ధర్నా చేయరు.

శస్త్రచికిత్స అసాధ్యమేమీ కాదు. స్విట్జర్లాండులో యూగో ఫిష్ 1970 దశకంలో ఈ చోటికి చేరే మార్గాన్ని రూపొందించిన తరువాత నిపుణులైనవారు కంతిని పూర్తిగా తీయగలుగుతున్నారు. ముందుగా తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, కంతికి రక్తం అందించే ధమనులను మూసివేసి, మరునాడో ఆ మరునాడో కోస్తారు. కాని కంతిని తీసే చేయి నరాలను కూడా తాకక తప్పదు. కంతి పోయి, దానితోపాటు కంఠమూ మింగే శక్తీ పోయిన రోగి ఉంటే, విజయం ఎవరిదని అడగవలసి వస్తుంది.

ఇక్కడనే స్టాక్‌హోమ్ ప్రవేశిస్తుంది. లార్స్ లెక్సెల్ అనే స్వీడిష్ నాడీ శస్త్రవైద్యుడు 1951లో ఒక ఊహ ప్రకటించాడు. పుర్రె తెరవకుండా, బయటి నుంచి అనేక సన్నని కిరణాలను ఒకే బిందువు మీద కలిసేటట్లు పంపితే, ఆ బిందువు దగ్గర మాత్రమే దెబ్బ తగులుతుందని. దానికి ఆయన పెట్టిన పేరు రేడియోసర్జరీ. బోర్యే లార్సన్ అనే భౌతిక శాస్త్రవేత్తతో కలిసి ఆయన నిర్మించిన మొదటి యంత్రం 1968 నాటికి స్టాక్‌హోమ్‌లోని ఒక ఆసుపత్రిలో పనిచేయడం ప్రారంభించింది. శిరస్త్రాణం వంటి ఉక్కు గోళంలో 179 కోబాల్టు-60 ముక్కలు. ఒక్కొక్క దాని నుంచి ఒక్కొక్క కిరణం. తరువాతి నమూనాలలో ఆ సంఖ్య 201, ఇంకా తరువాత 192. లోక్‌సభ విలేఖరుల గ్యాలరీలో కూర్చోవడం అలవాటైన వాడిని కనుక నాకు ఇది ఓట్ల లెక్కలాగా కనిపిస్తుంది. ఒక్క కిరణం బలం ఒక్క సభ్యుని ఓటంత. అది దాటిపోయిన దారిలో మెదడుకు పట్టనైనా పట్టదు. అన్నీ ఒకేచోట పడినప్పుడు మాత్రం ప్రభుత్వం నిలవదు. (1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటే ఒక ప్రభుత్వాన్ని పడగొట్టింది కదా అని పాఠకులు అనవచ్చు. ఆ ఒక్కటి వెనుక మరో 269 ఉన్నాయి.)

ఈ యంత్రానికి గామా నైఫ్ అని పేరు. కత్తి ఎక్కడా లేదు. రోగి తలకు చర్మం మొద్దుబారే సూది మందు ఇచ్చి, నాలుగు మరలతో ఒక లోహపు చట్రం బిగిస్తారు. చట్రంతోనే స్కానింగ్ తీస్తారు. ఆ చట్రమే కొలబద్ద. కంతి ప్రతి అంచూ దానిని బట్టి మిల్లీమీటరు వరకు లెక్కకు వస్తుంది. తరువాత వైద్యుడు, భౌతిక శాస్త్రజ్ఞుడు కలిసి కంప్యూటరు ముందు కూర్చుని, కిరణాలను ఎన్ని బిందువులలో, ఎంతెంతసేపు నిలపాలో నిర్ణయిస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు. నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు. సాధారణ రేడియేషన్ చికిత్సలో ఐదు వారాలపాటు 25 విడతలుగా 45 గ్రేలు ఇస్తే, ఇక్కడ కంతి అంచు వద్ద సుమారు 15 గ్రేలు ఒకే పూట పడతాయి. మరునాడు ఇంటికి వెళ్లవచ్చు. కంతి అడ్డుకొలత మూడు సెంటీమీటర్లకు మించి పెరిగి మెదడు కాండాన్ని నొక్కుతూ ఉంటే మాత్రం ఈ పద్ధతి సాధారణంగా పనికిరాదు. అందుచేతనే ముందుగా గుర్తించడం ముఖ్యం. కోబాల్టు లేకుండా విద్యుత్తుతో కిరణాలు పుట్టించే యంత్రాలు కూడా ఇదే పని చేయగలవు. లెక్సెల్ దగ్గర పనిచేసి వెళ్లిన జాన్ ఆడ్లర్ అమెరికాలో రూపొందించిన సైబర్ నైఫ్ వాటిలో ఒకటి. అందులో తలకు మరలు బిగించనక్కరలేదు.

ఫలితం మాటేమిటి? ఇక్కడ కొంచెం నిదానించాలి. ప్రకటనలలో కనిపించే సంఖ్యలకూ రోగి ఆశించే దానికీ మధ్య చిన్న పదం ఒకటి అడ్డు ఉన్నది. అది ‘కంట్రోల్’. 2011లో వెలువడిన ఒక సమీక్ష 19 అధ్యయనాలలోని 335 మంది రోగులను కలిపి చూసి, నూటికి 97 మందిలో కంతి అదుపులో ఉన్నదని తేల్చింది. మరుసటి ఏడు ఉత్తర అమెరికాలోని కేంద్రాలు కొన్ని కలిసి తమ 132 మంది రోగుల వివరాలు ప్రకటించాయి. అక్కడ ఆ సంఖ్య 93. అదుపు అంటే పోవడం కాదు. పెరగకుండా ఉండడం, కొందరిలో కొంత కుంచించుకుపోవడం. కిరణాల దెబ్బకు కంతిలోని రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, నెలలూ సంవత్సరాలూ గడిచేకొద్దీ మందమై, మచ్చ కట్టిపోతుంది. అదే రెండవ అధ్యయనంలో ప్రతి ఏడుగురిలో ఒకరికి నరాల సమస్య కొత్తగా వచ్చింది, లేదా ఉన్నది పెరిగింది. ఇవి దాచదగిన విషయాలు కావు. మరొక సందేహం కూడా న్యాయమైనదే. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగే దానిని నాలుగైదేళ్లు చూసి ఆగిందని చెప్పడం ఎంతవరకు సబబు? ఏమీ చేయకపోయినా కొన్ని అలాగే ఉండేవేమో? వయసు పైబడినవారిలో చికిత్స చేయకుండా ఏటా స్కానింగ్‌తో కనిపెట్టి ఉండడమే మేలని చెప్పే వైద్యులు ఉన్నారు. వారి వాదనను కొట్టివేయలేము. అయినా కంఠమూ మింగే శక్తీ ఇంకా నిలిచి ఉన్న రోగికి, వాటిని పణంగా పెట్టకుండా పదిలో తొమ్మిది పాళ్లు భరోసా ఇచ్చే మార్గం ఇది అని నా అభిప్రాయం.

అంగన్‌వాడీ టీచరుకు ఇదంతా ఆసుపత్రి వరండాలో నేను నాకు తెలిసిన తెలుగులో చెప్పాను. ఆమె సాంతం విని, “అయితే అది లోపలే ఉంటుందా అన్నయ్యగారూ?” అన్నది.

“లోపలే ఉంటుందమ్మా. పెరగకుండా ఉంటుంది.”

“ఇంత దూరం వచ్చింది తీయించుకోవడానికి కదండీ” అన్నాడు తమ్ముడు. ఆమె అతనివైపు చూసి, “నా మొగుడి తాగుడు కూడా పోలేదు, పెరక్కుండా ఆగింది. పాతికేళ్లు కాపురం చెయ్యలా?” అన్నది. పక్కన కూర్చున్న బీహారు మనిషి మేము ఎందుకు నవ్వుతున్నామని అడిగాడు. ఆ వాక్యాన్ని హిందీలోకి మార్చడం నా వల్ల కాలేదు. చికిత్స జరిగిన తరువాత ఆమె చెవిలో చప్పుడు వెంటనే ఆగలేదు. ఏడాది తిరిగేసరికి తగ్గిందని ఫోనులో చెప్పింది. ఇప్పటికీ జ్వరం వస్తే వినబడుతుందట.

భారతదేశంలో మొదటి గామా నైఫ్ 1997 జనవరిలో ముంబాయిలోని హిందూజా ఆసుపత్రికి వచ్చింది. అదే ఏడు మే నెలలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు వచ్చింది. ఒకటి ప్రైవేటు, మరొకటి ప్రజల సొమ్ము. నాలుగు నెలల తేడాతో ప్రభుత్వ రంగం ప్రైవేటు రంగం వెంట నడవడం ఇప్పటి పరిస్థితులతో పోలిస్తే విశేషమే. ఆ సంస్థ 1956లో పార్లమెంటు చట్టంతో పుట్టింది. ఆనాటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పట్టుదల, కొలంబో ప్రణాళిక కింద న్యూజిలాండ్ ఇచ్చిన డబ్బు దాని పునాదులలో ఉన్నాయి. అరుదైన జబ్బుకు ఖరీదైన యంత్రాన్ని మార్కెట్టు పెట్టదు. లేదా పెట్టి, కట్టగలిగినవారికే ఇస్తుంది. అందుకే ఇటువంటివి ఉండవలసిన చోటు ప్రభుత్వ ఆసుపత్రి. ఈ మాట అనడానికి నేను సోషలిస్టును కానక్కరలేదు. వెయ్యి మంది రోగులు దేశమంతటా చెదిరి ఉన్నప్పుడు, వారిని కొద్ది చోట్లకు చేర్చి అనుభవం గల చేతులలో పెట్టడం వైద్యరీత్యా కూడా మంచిది. చిక్కల్లా చేర్చడంలో ఉన్నది.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఒక విచిత్రం గమనించాను. కేంద్ర జాబితాలో ఆరవ అంశం అణుశక్తి. రాష్ట్రాల జాబితాలో ఆరవ అంశం ప్రజారోగ్యం, ఆసుపత్రులు. ఈ చికిత్స ఆ రెండు ఆరింటి మధ్య పడింది. కోబాల్టుకు అనుమతి, కాపలా, లెక్క అన్నీ అణుశక్తి నియంత్రణ మండలివి. రోగి మాత్రం రాష్ట్రం బాధ్యత. పైగా కోబాల్టు ఒకసారి కొంటే శాశ్వతంగా ఉండే వస్తువు కాదు. దాని అర్ధాయువు 5.27 సంవత్సరాలు, అంటే లోక్‌సభ ఆయుర్దాయం కన్నా మూడు నెలలు ఎక్కువ. ఒక సభ రద్దయి మరొకటి వచ్చేసరికి యంత్రం బలం సగమవుతుంది. మొదట అరగంట పట్టిన చికిత్సకు గంట పడుతుంది. రోజుకు చూసే రోగులు తగ్గుతారు, నిరీక్షణ పెరుగుతుంది. కొత్త కోబాల్టుకు మళ్లీ టెండరు, మళ్లీ ఆర్థిక శాఖ, మళ్లీ విదేశీ మారకద్రవ్యం. ప్రారంభోత్సవానికి మంత్రులు వస్తారు. కోబాల్టు మార్చే రోజున ఎవరూ రిబ్బను కత్తిరించరు.

కోబాల్టుతో మనకు పరిచయం కొత్తది కాదు. రాజస్థాన్‌లోని రావత్‌భాటా అణు కేంద్రం కెనడా సహాయంతో మొదలైంది. 1974లో పోఖ్రాన్ పేలుడు తరువాత కెనడా తప్పుకున్నది. అయినా మన రియాక్టర్లలోనే కోబాల్టు-60 తయారవుతూ వచ్చింది. క్యాన్సరు చికిత్సకు భాభా కేంద్రం రూపొందించిన భాభాట్రాన్ యంత్రాన్ని మన ప్రభుత్వం వియత్నాం వంటి దేశాలకు కానుకగా కూడా ఇచ్చింది. అటువంటి దేశం ఈ సున్నితమైన యంత్రాల విషయంలో ఇప్పటికీ దిగుమతి మీద ఆధారపడడం గురించి సెంట్రల్ హాలులో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

మాట్లాడిన సందర్భం ఒకటి ఉన్నది, అది దుర్ఘటన. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో 1985 నుంచి వాడకుండా మూలపడి ఉన్న ఒక కెనడా పరికరాన్ని 2010 ఫిబ్రవరిలో పాత సామాను కింద వేలం వేశారు. అందులో కోబాల్టు-60 ఉన్నది. మాయాపురి తుక్కు బజారులో కార్మికులు దానిని విప్పారు. చేతులు కాలినట్లు నల్లబడ్డాయి, జుట్టు ఊడింది. పలువురు ఆసుపత్రుల పాలయ్యారు, ఒక కార్మికుడు ఏప్రిల్‌లో మరణించాడు. అంతర్జాతీయ కొలమానంలో దానిని నాలుగవ స్థాయి ప్రమాదంగా లెక్క కట్టారు. ఆ తరువాత కొద్ది రోజులకే, మే 7న, లోక్‌సభలో అణు ప్రమాద పరిహార బిల్లు ప్రవేశపెట్టారు. సభలో వేడి అంతా విదేశీ రియాక్టర్ల సరఫరాదారుల బాధ్యత చుట్టూ తిరిగింది. మాయాపురి కూలీ ప్రస్తావన వాదనకు అలంకారంగా వచ్చి పోయింది. మాయాపురి, వైద్య విజ్ఞాన సంస్థ రెండూ రింగ్ రోడ్డు పక్కనే ఉన్నాయి. ఒకే లోహం ఒకచోట మిల్లీమీటరు లెక్కన పడుతూ ఉంటే, మరొకచోట కూలివాడి ఒట్టి చేతులలో పడింది.

పొరుగుదేశం నుంచి ఒక విషయం చెప్పాలి. కరాచీలోని జిన్నా ప్రభుత్వ ఆసుపత్రిలో 2012 నుంచి సైబర్ నైఫ్ చికిత్స జరుగుతున్నది. దాతల విరాళాలతో, రోగి నుంచి రూపాయి తీసుకోకుండా. పాకిస్తాన్ ప్రజారోగ్య వ్యవస్థను మనం ఆదర్శంగా చెప్పుకునే అలవాటు లేదు, చెప్పుకోవలసినంత గొప్పగా అది లేదు కూడా. కాని ఈ ఒక్క విషయంలో అక్కడి పేద రోగి, బిల్లు ఎంతవుతుందని అడగనక్కరలేదు.

మన దగ్గర 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పేదవానికి పెద్ద ఆసుపత్రి గుమ్మం ఎక్కే ధైర్యం ఇచ్చాయి. ఇది చిన్న మేలు కాదు. అయితే అవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు ఉద్దేశించిన పథకాలు. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తరువాత ఖర్చు 15 రోజుల వరకే. ఈ కంతి కథ డిశ్చార్జితో మొదలవుతుంది. ఆరు నెలలకు ఒక స్కానింగ్, తరువాత ఏటా ఒకటి, పదేళ్లు పైగా. ఆమె రెండవ ఏడాది రాలేదు. పంట లేదు, టిక్కెట్టు దొరకలేదు, బాగానే ఉన్నాను కదా అనుకున్నది. కంతి పెరుగుతున్నా మొదట్లో మనిషి బాగానే ఉంటాడు. 2014 విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో ఆంధ్రప్రదేశ్‌కు వాగ్దానం చేసిన సంస్థ మంగళగిరిలో, తెలంగాణకు వచ్చినది బీబీనగర్‌లో ఉన్నాయి. ఢిల్లీలో తీసిన పాత చిత్రాలను అక్కడ కొత్త చిత్రాల పక్కన పెట్టి చూసే ఏర్పాటు జరిగితే ఆమెకు గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌తో పని ఉండదు. దానికి కోబాల్టు అక్కరలేదు, కొత్త యంత్రమూ అక్కరలేదు.

ఆరోగ్య శాఖ పద్దులు చాలా ఏళ్లు చర్చ లేకుండానే గిలటిన్ కింద ఆమోదం పొందుతుంటాయి. కాని ప్రశ్నోత్తరాల సమయం ఉన్నది. రేడియోసర్జరీ యంత్రాలు ఎన్ని ప్రభుత్వ ఆసుపత్రులలో ఉన్నాయి, ఒక్కొక్క దానిలో కోబాల్టు చివరిసారి ఎప్పుడు మార్చారు, పేరు నమోదైన రోజు నుంచి చికిత్స వరకు రోగి ఎన్ని రోజులు వేచి ఉంటున్నాడు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారిలో ఎందరు మరుసటి ఏడాది పరీక్షకు తిరిగి వస్తున్నారు అని రెండు రాష్ట్రాల సభ్యులలో ఎవరైనా అడగవచ్చు. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.